కెమెరాకు కులం లేదంటారా?

లాల్‌దర్వాజా గల్లీల్లో తలెత్తి చూస్తే ఇప్పుడు ఆకాశం కన్నా ముందు కెమెరా కనపడుతుంది. సింహవాహిని అమ్మవారి గుడి దారిలో కెమెరా. కిరాణా కొట్టు చూరు కింద కెమెరా. కరెంటు స్తంభానికి కెమెరా. ఇదంతా మీ భద్రత కోసమే అంటున్నారు. తప్పు చేయనోడికి భయమెందుకు అని అడుగుతున్నారు. కెమెరాకు కులం లేదు, మతం లేదు, అది అందరినీ ఒక్కలాగే చూస్తుందని మాకు పాఠం చెప్తున్నారు.

మేం బడిలో పాఠాలు చెప్పేవాళ్లం. తప్పు పాఠం కనపడితే దిద్దడం మా పని. కెమెరాకు కులం లేకపోవచ్చు. దాన్ని ఏ గల్లీలో పెట్టాలో నిర్ణయించేవాడికి కులం ఉంది. అందులో పడ్డ మొహాల్లో ఏ మొహాన్ని అనుమానించాలో తేల్చేవాడికి కులం ఉంది. ఆ రికార్డు ఎవరికి చూపాలో, ఎవరికి దాచాలో చెప్పేవాడికి కులం ఉంది. మేం చెప్పేది ఒక్కటే మాట. మమ్మల్ని చూసేవాడు మాకు జవాబు చెప్పాలె. జవాబు చెప్పని చూపు భద్రత కాదు, పెత్తనం.

ఊళ్లల్లో ఉన్న అన్నలు, అక్కలు ఇది పట్నపోళ్ల గొడవ అనుకోవద్దు. రేషన్ దుకాణంలో మీ వేలిముద్ర పడక మీరు వెనక్కి తిరిగిన రోజు ఉంది కదా. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనికాడ రోజుకు రెండుసార్లు ఫోటో దిగితేనే కూలీ అన్నారు కదా. సిగ్నల్ లేక ఫోటో పోకపోతే చేసిన కష్టం చేయనట్టే లెక్క. అదీ ఇదీ ఒక్కటే చెట్టు కాయలు.

పటేలు, పట్వారీ, పోలీసు

మనల్ని చూడటానికి ఈ దేశంలో కెమెరా వచ్చేదాకా ఎవరూ ఆగలేదు. ఊరే ఒక పెద్ద కన్ను. వాడలోకి ఏ చుట్టం వచ్చిండో పొద్దుగూకేలోపు పోలీసు పటేలుకు తెలిసిపోయేది. ఎవడు కొత్త అంగీ తొడిగిండు, ఎవడు చెప్పులేసుకుని ఊరి నడిమి నుంచి నడిచిండు, ఎవని కొడుకు బడికి పోతుండు, అన్నిటికీ లెక్క ఉండేది. పట్వారీ దస్త్రంలో మన భూమి ఏ పేరు మీదికి ఎప్పుడు మారిందో మనకు తెలిసేది కాదు. అతను మన గురించి రాసేవాడు. ఏం రాసిండో మనం చదవలేం. చదివినా అడగలేం.

తెల్లదొర వచ్చి దీనికి చట్టం చేసిండు. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఎరుకలోళ్లను, మరెన్నో సంచార జాతులను పుట్టుకతోనే దొంగలన్నారు. స్టూవర్టుపురం, సీతానగరం, కావలి సెటిల్‌మెంట్లలో పెట్టారు. వేలిముద్రలు తీసుకున్నారు. పొద్దున, రాత్రి హాజరు పిలిచారు. ఊరు దాటాలంటే చీటీ కావాలె. స్వాతంత్ర్యం వచ్చిన అయిదేళ్లకు, 1952లో గాని ఆ చట్టం పోలేదు. చట్టం పోయింది కాని ఆ బుద్ధి పోయిందా? తప్పు జరిగినంక తప్పు చేసినోడిని వెతకడం ఒక పద్ధతి. తప్పు జరగకముందే ఒక వాడను, ఒక బస్తీని మొత్తం అనుమానించడం ఇంకో పద్ధతి. రెండోది మనువు పద్ధతి. ఈ రోజు దానికి కంప్యూటర్ దొరికింది, అంతే తేడా.

కన్ను బంజారాహిల్స్‌లో, చూపు పాతబస్తీ మీద

2013లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం చేశారు. జనం గుమిగూడే దుకాణాలు, సంస్థలు సొంత ఖర్చుతో కెమెరాలు పెట్టుకోవాలె. 30 రోజుల రికార్డు దాచాలె. పోలీసులు అడిగితే ఇవ్వాలె. తర్వాత ‘నేను సైతం’ పేరుతో గల్లీ గల్లీలో చందాలు పోగుచేసి కెమెరాలు పెట్టించారు. అంటే మమ్మల్ని చూసే కన్నుకు మేమే పైసలు కట్టాలె. 2018లో తెలంగాణ పోలీసులు మొహం చూసి మనిషిని గుర్తుపట్టే యంత్రాన్ని తెచ్చారు. కానిస్టేబుల్ చేతిలో ఉన్న ఫోనులో మన ఫోటో తీస్తే చాలు, పాత నేరస్థుల ఫోటోలతో సరిచూస్తుంది. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ అద్దాల మేడలు ప్రారంభించారు. నగరంలోని కెమెరాలన్నీ అక్కడికి కలుపుతున్నామన్నారు.

2021లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ సంస్థ వాళ్లు పాతబస్తీలోని కాలాపత్తర్, కిషన్‌బాగ్‌లలో కెమెరాలు లెక్కపెట్టారు. ఆ రెండు చోట్లా సగానికి పైగా నేల కెమెరా చూపు కిందనే ఉందని తేల్చారు. మా గల్లీలో మంచినీళ్ల పైపు పగిలితే ఇంత తొందరగా ఎవరన్నా చూసిండ్రా? డ్రైనేజీ పొంగితే ఏ కమాండ్ సెంటర్‌కు కనపడింది?

కార్డన్ సెర్చ్ అని తెల్లారకముందే బస్తీని చుట్టుముట్టి, తలుపులు కొట్టి, బండి కాగితాలు, ఆధార్ కార్డులు అడగడం ఈ నగరం చాలా ఏండ్ల నుంచి చూస్తున్నది. జూబ్లీహిల్స్ బంగళాలను అట్ల చుట్టుముట్టిన వార్త మీరెప్పుడన్నా చదివిండ్రా? నల్లడబ్బు బీరువాల్లో ఉంటదా, మా రేకుల ఇంట్లో ఉంటదా?

2021 మే నెలలో లాక్‌డౌన్ కాలంలో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పాతబస్తీలో పోలీసులు ఆపారు. మాస్కు తీయమన్నారు. ఆయన ఒప్పుకోకపోయినా ఫోటో తీసుకున్నారు. ఎందుకు తీశారు, ఎక్కడ దాస్తారు అని ఆయన అడిగిండు. జవాబు రాకపోతే హైకోర్టుకు పోయిండు. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. ఆయన అడిగిన ప్రశ్న మా అందరి ప్రశ్న.

అదే 2021 అక్టోబరులో ధూల్‌పేట, మంగళ్‌హాట్ వైపు రోడ్డు మీద పోయే పోరగాళ్లను ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో ‘గంజాయి’ అన్న మాట వెతికిన వీడియోలు బయటికి వచ్చాయి. మేం బలవంతం చేయలేదు, జనమే ఇస్తున్నారని అధికారులు చెప్పుకున్నారు. లాఠీ పట్టుకున్న చెయ్యి ముందుకు వస్తే ఫోను ఇవ్వడాన్ని ఇష్టం అంటారా? ఫోనంటే ఇప్పుడు జేబులో ఉన్న ఇల్లు. అందులో భార్య మాట ఉంది, బిడ్డ ఫోటో ఉంది, డాక్టర్ చీటీ ఉంది, సంఘం మీటింగు కబురు ఉంది. ఇల్లు సోదా చేయాలంటే కారణం కావాలె. ఈ ఇంటికి తలుపే లేదా?

2024 మార్చిలో పెద్ద నాయకుల ఫోన్లు విన్నారన్న కేసులో అరెస్టులు మొదలైతే టీవీలు నెలల తరబడి అరిచాయి. అరవాల్సిందే, తప్పు లేదు. మరి ధూల్‌పేటలో పోరగాని ఫోను గుంజుకున్నప్పుడు ఆ గొంతులన్నీ ఎక్కడ పోయాయి? పెద్దోడి ఫోను వింటే ప్రజాస్వామ్యానికి ప్రమాదం, పేదోడి ఫోను చూస్తే శాంతిభద్రతలా?

పోలిక ప్రాణం తీసింది

మెదక్‌కు చెందిన ఒక కూలీ కథ ఊరూరా చెప్పాల్సింది. 2023 జనవరి చివర్లో గొలుసు దొంగతనం కేసులో, సీసీ కెమెరాలో కనపడ్డ మనిషిలాగ ఉన్నాడని పోలీసులు ఆయన్ని హైదరాబాద్‌లో పట్టుకుపోయారు. తర్వాత ఆయన కాదని వదిలేశారు. స్టేషన్‌లో తనను చిత్రహింసలు పెట్టారని ఆయన ఆసుపత్రి మంచం మీది నుంచి చెప్పుకున్నాడు. ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. పోలీసు అధికారులను సస్పెండ్ చేశారు. కాని ఆ ఇంటికి మనిషి తిరిగి వస్తడా?

తప్పు చేయనోడికి భయమెందుకు అన్నోళ్లు ఆ ఇంటికి పోయి ఆ మాట అనగలరా?

యంత్రం పొరపాటు పడదని చెప్పేది అబద్ధం. అమెరికాలో జాయ్ బులమ్విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి మహిళా శాస్త్రవేత్తలు 2018లో మూడు పెద్ద కంపెనీల యంత్రాలను పరీక్షించారు. మొహం చూసి ఆడా, మగా చెప్పడమే ఆ యంత్రాల పని. తెల్ల రంగు మగవాళ్ల విషయంలో నూటికి ఒక్కటి కూడా తప్పు రాలేదు. నల్ల రంగు ఆడవాళ్ల విషయంలో ఒక కంపెనీ యంత్రం నూటికి దాదాపు 35 సార్లు తప్పింది. 2020లో డెట్రాయిట్ నగర పోలీసులు ఇట్లాంటి యంత్రం చెప్పిందని ఒక నల్లజాతి మనిషిని భార్యాబిడ్డల ముందే బేడీలు వేసి తీసుకుపోయారు. ఆయన దొంగ కాదని తర్వాత తేలింది. ఎండలో మాడి నల్లబడ్డ మొహాలు మనవి. ఆ యంత్రం మన దగ్గర ఎన్నిసార్లు తప్పిందో లెక్క బయట పెట్టమంటే పెడతరా?

కొత్త పట్వారీ

కెమెరా ఒక్కటే కాదు. లెక్కల యంత్రం ఇంకోటి ఉంది. దానికి సమగ్ర వేదిక అని పేరు పెట్టారు. బండి రిజిస్ట్రేషన్, కరెంటు బిల్లు, ఆస్తి, ఉద్యోగం, ఇట్లా వేర్వేరు ఆఫీసుల్లోని వివరాలన్నీ కలిపి, పేర్లు సరిపోల్చి, ఎవరు పేదో ఎవరు కాదో అదే చెప్తుంది. తెలంగాణలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. ముందు నోటీసు లేదు. ఇంటికొచ్చి చూసినోడు లేడు. కార్డు పోయిందని చాలామందికి రేషన్ దుకాణం కాడికి పోయినంకనే తెలిసింది.

హైదరాబాద్‌లోనే రిక్షా తొక్కి బతికి, జబ్బుతో చనిపోయిన ఒకాయనకు కారు ఉందని ఈ లెక్క తేల్చింది. ఎట్లా? దగ్గర దగ్గర అదే పేరున్న ఇంకొకాయనకు కారు ఉంది కాబట్టి. ఆ ముసలి భార్యకు బియ్యం ఆగింది. పేర్లు కలవడం మన దగ్గర వింతా? ఎల్లయ్యలు, మల్లయ్యలు, సయ్యద్‌లు, లక్ష్మమ్మలు ఊరికి పదిమంది ఉంటారు. ఈ సంగతి బడికి పోని ముసలమ్మకు తెలుసు, కోట్లు పెట్టి కొన్న కంప్యూటర్‌కు తెలియదు.

దీని మీద కూడా మసూద్ సుప్రీంకోర్టు దాకా కొట్లాడితే, రద్దు చేసిన కార్డులన్నిటినీ ఇల్లిల్లూ తిరిగి మళ్లీ చూడమని 2022 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది. 4,91,899 దరఖాస్తులు వచ్చాయి. ఆ ఏడాది జులై దాకా 2,05,734 చూస్తే, 15,471 కుటుంబాలు అర్హులేనని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఇన్ని ఇండ్లల్లో పొయ్యి మీది గిన్నె దించిన పాపం ఎవరిది? ఒక్క అధికారి జీతంలో ఒక్క రూపాయి కోశారా? పట్వారీ తప్పు చేస్తే కనీసం పట్వారీ ఇల్లు ఎక్కడో తెలుసు. కంప్యూటర్ తప్పు చేస్తే ఎవరి గడప తొక్కాలె?

మాకు దగ్గర్లోని భవానీనగర్‌లో ఒక ఆటో డ్రైవరుకు 2020 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ నుంచి నోటీసు వచ్చింది. నువ్వు ఈ దేశపోనివేనని కాగితాలు తెచ్చి చూపించుకో అన్నారు. అట్లా నగరంలో 127 మందికి నోటీసులు పోయాయి. గొడవ అయినంక, ఆధార్‌కు పౌరసత్వానికి సంబంధం లేదని ఆ సంస్థే చెప్పింది. బియ్యం కోసం ఇచ్చిన వేలిముద్ర, దేశంలో ఉండనిస్తారా లేదా అన్న ప్రశ్న దాకా పోయింది. ఈ రోజు ముస్లిం ఆటో డ్రైవరు. రేపు ఇల్లూ వాకిలీ లేని మన సంచార జాతుల మనిషి.

తెల్లారకముందే ఈ నగరం చెత్త ఎత్తే సఫాయి కార్మికుల్లో ఎక్కువమంది మనవాళ్లే. 2024లో జిహెచ్ఎంసి వాళ్లకు మొహం చూపితేనే హాజరు అన్నది. దొంగ హాజర్లు ఆపడానికే అన్నారు. దొంగ హాజర్లు రాసింది చీపురు పట్టినోళ్లా, రిజిస్టరు పట్టినోళ్లా? 2025లో మా టీచర్లకూ మొహం హాజరు తెచ్చారు. టైముకు బడికి రావడానికి మాకేం అభ్యంతరం లేదు. కాని సెక్రటేరియట్‌లో ఫైలు ఎన్ని రోజులు ఏ బల్ల మీద నిద్రపోయిందో ఏ కెమెరా ఎందుకు చూపదు?

నోరు తెరిస్తే

చూడటంతో ఆగలేదు. మాట్లాడితే నోరు మూయించడం కూడా మొదలైంది. 2013 మే నెలలో పౌరహక్కుల నాయకురాలు, వకీలు జయ వింధ్యాలను ఫేస్‌బుక్‌లో ఒక ఎమ్మెల్యే మీద, ఒక గవర్నర్ మీద రాసినందుకు జైలుకు పంపారు. వాడింది 66ఎ సెక్షన్. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌నే కొట్టేసింది. సెక్షన్ పోయినా అలవాటు పోలేదు. 2025 మార్చిలో ముఖ్యమంత్రిని తిట్టిన ఒక మనిషి మాటలు యూట్యూబ్‌లో చూపారని ఇద్దరు మహిళా జర్నలిస్టులను తెల్లారకముందే అరెస్టు చేశారు. పార్టీ మారింది, పద్ధతి మారలేదు.

2018 ఆగస్టు 28న భీమా కోరేగావ్ కేసు పేరుతో పుణె పోలీసులు హైదరాబాద్‌లో దళిత మేధావి ప్రొఫెసర్ కె. సత్యనారాయణ ఇంటిని సోదా చేశారు. ఆయన ఆ కేసులో నిందితుడు కాదు. అయినా కంప్యూటర్, హార్డ్ డిస్కులు పట్టుకుపోయారు. గోడ మీద దేవుళ్ల ఫోటోలు లేకుండా ఫూలే, అంబేడ్కర్ ఫోటోలు ఎందుకున్నాయని అడిగారని ఆయనే చెప్పారు. ఇది దేశ భద్రతా, మనుస్మృతా?

కోనసీమ సంగతి చూడండి. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెడితే ఓర్వలేక 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. వెంటనే ఇంటర్నెట్ బంద్ చేశారు. రోజుల తరబడి తెరవలేదు. నిప్పు పెట్టినోడికీ, నిప్పుకు భయపడి పిల్లల్ని దగ్గరికి తీసుకున్నోడికీ ఒక్కటే శిక్ష. వాడలో ఏం జరుగుతుందో బయటికి చెప్పే దారి మూసుకుపోయింది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు వార్తను మనవాళ్లు కాలినడకన మోసుకుపోయి చెప్పాల్సి వచ్చింది. పత్రికల్లో మనకు జాగా లేదు. ఇప్పుడు చేతిలో ఉన్న ఫోనే మన మొదటి పత్రిక. అందుకే అది తెరిచి ఉండాలె.

లెక్క వేరు, నిఘా వేరు

కొంతమంది తెలివిగా అడుగుతారు. కులాల లెక్క తీయమని మీరే అడుగుతారు, వివరాలు తీసుకుంటే మీరే అరుస్తారు, ఇదేం న్యాయం అని. సమాధానం మన చరిత్రలోనే ఉంది. భాగ్యరెడ్డి వర్మ ఈ హైదరాబాద్‌లోనే కొట్లాడి, 1931 జనాభా లెక్కల్లో మనల్ని ఆది హిందువులుగా రాయించాడు. 2024 నవంబరులో కులగణన జరిగితే మా టీచర్లే ఇల్లిల్లూ తిరిగి రాశారు. అది మన వాటా కోసం మనం అడిగిన లెక్క. దాని ఫలితం అందరి ముందూ పెడతారు. అందులో తప్పుంటే తప్పని అనొచ్చు. నిఘా అట్లా కాదు. మనకు తెలియకుండా రాస్తారు, మనకు చూపకుండా దాస్తారు, మన మీదనే వాడతారు.

ఇంకొకరు అంటారు, కెమెరాలుంటే ఆడపిల్లలకు రక్షణ, దాడులు జరిగితే సాక్ష్యం అని. ఒప్పుకుంటాం. అయితే ఆ సాక్ష్యం మనకు దొరకాలె కదా. అన్నిటికన్నా ముందు పెట్టాల్సింది పోలీస్ స్టేషన్‌లో. ప్రతి స్టేషన్‌లో మాట కూడా వినపడే కెమెరాలు పెట్టాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న చెప్పింది. అవి పనిచేయడం లేదని 2025 సెప్టెంబరులో అదే కోర్టు మళ్లీ తనంతట తానే కేసు చేపట్టాల్సి వచ్చింది. మా గల్లీలో కెమెరాకు రాత్రీ పగలూ కంటి మీద కునుకు లేదు. స్టేషన్ లోపలి కెమెరాకే ఎప్పుడూ నిద్ర వస్తది!

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఒక్కమాటగా చెప్పారు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేశారు. అందులో ప్రభుత్వానికే పెద్ద పెద్ద మినహాయింపులు. పైగా ఆ చట్టం పేరుతో సమాచార హక్కు చట్టానికి కోత పెట్టారు. 2025 నవంబరు నుంచి ఆ కోత అమల్లోకి వచ్చింది. అధికారి గురించి అడిగితే అది వ్యక్తిగతం అనొచ్చు. మన వేలిముద్ర మాత్రం వ్యక్తిగతం కాదు. వాళ్లకు మన గురించి అంతా తెలియాలె, మనకు వాళ్ల గురించి ఏమీ తెలియొద్దు. పట్వారీ దస్త్రం న్యాయం సరిగ్గా ఇదే.

ఏం చేద్దాం?

కార్డు గాని పింఛను గాని ఆగితే ‘కంప్యూటర్ తీసేసింది’ అన్న మాటను జవాబుగా ఒప్పుకోవద్దు. కారణం కాగితం మీద రాసిమ్మని దరఖాస్తు పెట్టాలె, రసీదు తీసుకోవాలె. ఒక్కరు పోతే తిప్పి పంపుతారు, వాడంతా కలిసి పోవాలె.

రోడ్డు మీద ఫోను అడిగితే ఏ చట్టం కింద, ఏ కేసులో అని మర్యాదగా అడగాలె. అధికారి పేరు, స్టేషన్, టైము రాసుకోవాలె. పక్కనున్నోళ్లు చూస్తూ పోకుండా నిలబడాలె. అదే రోజు సంఘానికి చెప్పాలె.

మీ వాడలో, బస్తీలో కెమెరాలు ఎన్ని, ఎవరి చేతిలో ఉన్నాయి, రికార్డు ఎన్ని రోజులు ఉంచుతారు, ఎవరెవరికి ఇచ్చారు అని సమాచార హక్కు కింద అడగాలె. కోత పెట్టినా ఆ చట్టం ఇంకా బతికే ఉంది. ఇంటర్నెట్ బంద్ చేస్తే ఉత్తర్వు కాపీ అడగాలె. ఆ ఉత్తర్వులు బయట పెట్టాల్సిందేనని 2020 జనవరి 10న సుప్రీంకోర్టు చెప్పింది. సోషల్ మీడియా పోస్టు మీద ఫిర్యాదు రాగానే యాంత్రికంగా కేసులు, అరెస్టులు కుదరవని 2025 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు చెప్పింది. ఈ మాటలు కార్యకర్తలు జేబులో పెట్టుకోవాలె.

మనం కూడా జాగ్రత్తగా ఉండాలె. నిజమో కాదో తెలియని వీడియో పంపొద్దు. ఒక అబద్ధం మన ఇంటినే తగలబెడుతుంది, ఆ సాకుతో రేపు మన నోరే మూస్తారు.

మేం ప్రభుత్వాన్ని అడిగేది చిన్నది. మొహం గుర్తుపట్టే యంత్రాన్ని, దానికి చట్టం చేసేదాకా, ఆపండి. కంప్యూటర్ మాట మీద ఒక్క కార్డు కూడా మనిషి వచ్చి చూడకుండా రద్దు చేయొద్దు. తప్పుగా రద్దు చేసిన ప్రతి కుటుంబానికి ఆగిన బియ్యం విలువ కట్టివ్వండి. మా బస్తీ కన్నా ముందు మీ స్టేషన్‌లో కెమెరా పనిచేయించండి.

మా తాతలు చూపుకు భయపడి తలదించుకుని బతికారు. మా తల్లిదండ్రులు మమ్మల్ని చదివించింది దస్త్రంలో ఏం రాసి ఉందో చదవడానికి. ఇప్పుడు ఆ దస్త్రాన్ని కంప్యూటర్‌లో దాచి మళ్లీ సంతకం చేయమంటున్నారు. చూపిస్తేనే సంతకం. జవాబు చెప్తేనే హాజరు.